బాబాయికి దగ్గు తగ్గింది

బాబాయి చేసే ఉద్యోగం దగ్గడం. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, క్యారేజీ పట్టుకుని హంతకుల సంఘం భవనానికి వెళ్ళేవాడు. సాయంత్రం దాకా ఆ భవనం వసారాల్లో దగ్గుకుంటూ తిరిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేవాడు. ఇదీ ఒక ఉద్యోగమేనా అని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళు ఆ భవనంలో ఒక్క పూట చప్పుడు చేయకుండా నడిచి చూడాలి. ఆ తర్వాత వేసుకోవడానికి వేలూ ఉండదు, ముక్కూ ఉండదు.

హంతకుల సంఘం అంటే అదేదో చాటుమాటు వ్యవహారం అనుకునేరు. ఆ ఊళ్ళో అన్ని వృత్తులకీ ఉన్నట్టే వాళ్ళకీ ఒక సంఘం ఉంది. కూడలిలో తాళాలు చేసేవాళ్ళ సంఘం, దానికెదురుగా తాళాలు పగలగొట్టేవాళ్ళ సంఘం, ఆ పక్కన మంత్రగాళ్ళ సంఘం, దాని పైకప్పుకి ఎప్పుడు చూసినా మరమ్మతే. ఇవన్నీ దాటాక ఒక రాతి మేడ. దాని మీద "హంతకుల సంక్షేమ సంఘం. చెప్పులు బయట విడవండి" అని పెద్ద బోర్డు. ఆ చెప్పుల మాట నేల శుభ్రంగా ఉండాలని రాసింది కాదు, నడక వినబడకూడదని రాసింది.

ఆ వినబడకపోవడమే వాళ్ళ కొంప ముంచింది. సంఘంలో చేరినవాడు ఏళ్ళ తరబడి నేర్చుకునేవి రెండు విద్యలు. అడుగు వినబడకుండా నడవడం ఒకటి. వెనకనుంచి ఎవడైనా అడుగు వినబడకుండా వస్తే ఆలోచించకుండా పొడవడం రెండోది. దేనికది గొప్ప విద్యే. రెండూ ఒకే వసారాలో ఎదురుపడితేనే చిక్కు. బయట పనుల మీద వెళ్ళి పోయినవాళ్ళకంటే భోజనాల గది మలుపులో పోయినవాళ్ళే ఎక్కువైపోయారు. స్నానాల గది ముందు వరసలో నిలబడాలంటే ముందురోజే ఇంట్లో చెప్పి వచ్చేవాళ్ళు.

మొదట ఒక మనిషికి గంట కట్టి తిప్పారు, ఆ చప్పుడు వెంట వచ్చేవాడు మనవాడేనని గుర్తు. ఎదురు వీధిలో వీళ్ళకి పోటీగా ఉన్న విషం వాళ్ళ సంఘం అచ్చం అలాంటి గంటే కొనుక్కుని లోపలికి వచ్చేసింది. తర్వాత ఒక చిలకను పెట్టారు. చిలక తెలివైనది. నాలుగు రోజుల్లో అక్కడి పద్ధతి పట్టేసి నోరు మూసుకుంది. ఒకనాడు చప్పుడు లేకుండా ఎవరి భుజం మీదో వాలింది, పాపం.

బాబాయి అప్పట్లో పిండిమరలో పనిచేసేవాడు. పిండి పీల్చి పీల్చి ఆయన ఛాతీలో ఒక దగ్గు కాపురం పెట్టింది. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు, చివర తలుపు దగ్గరగా వేసినట్టు చిన్న "ఊఁ". ఒకరోజు సంఘం వంటగదికి పిండి బస్తా మోసుకొచ్చి, దారి తప్పి, మేడంతా తిరిగాడు. దారి అడుగుదామంటే ఒక్క మనిషీ కనబడలేదు. నిజానికి అందరూ అక్కడే ఉన్నారు. చివరికి ఎలాగో వంటగది చేరి బస్తా దించి వెనక్కి చూస్తే, ఆయన దగ్గును పట్టుకుని వెనకాలే నడిచి వచ్చిన హంతకులు ఎన్నాళ్ళకో నిమ్మళంగా పీటలు వేసుకుని కూర్చుంటున్నారు. ఆ పూటే ఉద్యోగం ఖాయమైంది. ఆ దగ్గును అనుకరించడం ఎవరి తరమూ కాలేదు. విషం వాళ్ళ మనిషి ఒకడు నెలల తరబడి సాధన చేసి వచ్చాడు గానీ చివరి "ఊఁ" దగ్గర దొరికిపోయాడు. వాడి సంగతి మనకెందుకు.

ఇక్కడ వాళ్ళ మర్యాద ఒకటి చెప్పి తీరాలి. హంతకులు తమకి ఇష్టమైనవాళ్ళ ముఖం చూడరు. వాళ్ళు ఒకరి ముఖం తేరిపార చూశారంటే ఆ మనిషిని చంపే పని ఒప్పుకున్నట్టే లెక్క. అందుకని గౌరవం ఉన్నచోట గోడవైపు తిరిగి నిలబడతారు. బాబాయి దగ్గు వినబడగానే వసారా పొడుగునా అందరూ గోడకి ముఖాలు పెట్టేసేవాళ్ళు. ఆయన దాటాక వెనక చేరి, కోడి వెంట పిల్లల్లా ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళేవాళ్ళు. ఇన్నేళ్ళలో బాబాయి చూసినవన్నీ వీపులే.

"ఏరా, వీపు చిక్కిపోయిందేమిటి? తిండి మానేశావా?" అని ఆయన పలకరించేవాడు.

"లేదు బాబాయ్, కొత్త చొక్కా. వదులుగా కుట్టాడు," అని గోడలోంచి జవాబొచ్చేది.

ఆయనకి ఆ వీపులంటే ప్రాణం. ఫలానా వీపుకి పెళ్ళి కుదిరిందనీ, ఫలానా వీపు తల్లి మంచం పట్టిందనీ ఇంటికొచ్చి పిన్నికి చెప్పేవాడు. పిన్ని మిషను తొక్కుతూ వినేది. ఆవిడ చొక్కాలు కుడుతుంది. మొగుడు ఇంట్లో ఉంటే ఆయన దగ్గుకి ఆవిడ కాలు లయ కట్టేది. రెండు పొట్టి కుట్లు, ఒక పొడుగు కుట్టు. ఎప్పుడైనా అన్నం తింటూ ఆయనకి పొలమారితే మాత్రం లేచి వచ్చి నెత్తి మీద తట్టేది.

"ఎవరో తలుచుకుంటున్నారు లెండి."

"నన్నెవరు తలుచుకుంటారే? వీపులా?" అనేవాడు బాబాయి నీళ్ళు తాగుతూ.

అంతా బాగానే ఉంది. కానీ వయసు మీదపడేకొద్దీ దగ్గు ముదిరింది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే గరగర. పిన్నికి భయం పట్టుకుంది. ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత, మనిషి మిగలాలి కదా అనుకుని, ఆయనకి చెప్పకుండా మంత్రగాళ్ళ బజారుకి వెళ్ళింది. అక్కడ ఎక్కిళ్ళు, ఆనెకాయలు, దగ్గులు తప్ప పెద్ద రోగాల జోలికి పోని ఒక ముసలి మంత్రగాడున్నాడు. అతనిచ్చిన నల్లటి మందు సెలవునాడు పాలల్లో కలిపి పట్టించింది. బాబాయి గ్లాసు దించి, మూతి తుడుచుకుని, అలవాటుగా దగ్గబోయాడు. ఏమీ రాలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయాడు. పిన్ని మిషను ముందు కూర్చుంది గానీ లయ లేక కుట్టు వంకర పోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆవిడకి గుండె గుభేలుమంది. లేచి వెళ్ళి మొగుడి ముక్కు కింద వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది. వచ్చి కుట్టు విప్పుకుంది. కాసేపటికి మళ్ళీ వెళ్ళి చూసింది.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఊరికే పుట్టలేదు. నిద్ర లేచిన బాబాయి సంగతి తెలుసుకుని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎంత పని చేశావే! రేపు ఆ మేడలో ఏ ముఖం పెట్టుకుని నడవను?"

"మానేయండి. నా మిషను మీద ఇద్దరం బతకలేమా?"

"బతకడం గురించి కాదే. అక్కడ నేను దగ్గకపోతే వాళ్ళు పొడుచుకుంటారు. పిల్లలే వాళ్ళు."

ఆ పిల్లల్లో చిన్నవాడికి ముప్పై దాటాయి. అయినా పిన్ని మనసు కరిగింది. మళ్ళీ దగ్గు తెప్పించడానికి ఇద్దరూ పడరాని పాట్లు పడ్డారు. చన్నీళ్ళు కుమ్మరించుకున్నాడు. ఎండుమిరపకాయల పొగ పట్టాడు. పక్కింటివాళ్ళు దగ్గారు, ఎదురింటివాళ్ళు దగ్గారు, వీధిలో పోయే గుర్రం దగ్గింది, బాబాయి ఛాతీ మాత్రం వేణువులా పలికింది. నీళ్ళు అడ్డదిడ్డంగా గుటకేసినా బుద్ధిగా దిగిపోయాయి. పొలమారడం మన చేతిలో ఉన్న పని కాదు మరి, అవతల ఎవరో తలుచుకోవాలి.

మర్నాడు ఆయన గుండె చిక్కబట్టుకుని పనిలోకి వెళ్ళాడు. గడప దాటి, గొంతు సవరించుకుని, రెండు పొట్టివి, ఒక పొడుగుది, చివర "ఊఁ" అని జాగ్రత్తగా నటించాడు. తన దగ్గే కదా, తనకి రాకపోతుందా అనుకున్నాడు. అందరూ గోడవైపు తిరగాలి. ఒక్కరూ తిరగలేదు. వసారా చీకట్లోంచి జతలు జతలుగా కళ్ళు ఆయన ముఖాన్నే చూశాయి.

ఇన్నేళ్ళలో ఆ మేడలో ఎవరూ ఆయన ముఖం చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆయనకి తెలియనిదా. అయినా ముందుకే నడిచాడు. రెండో మలుపులో టంగుమని చప్పుడైంది. చూసుకుంటే క్యారేజీ మూతలో కత్తి దిగి ఉంది. వెనకనుంచి ఒక చేయి ఆయన మెడ చుట్టూ పడింది. ఆ చేతి మనిషిని అందరూ పిల్లిపాదం అంటారు. మొన్నటిదాకా వదులు చొక్కా వేసుకున్న వీపు వాడిదే.

"మా బాబాయిని ఏం చేశారురా?" అన్నాడు పిల్లిపాదం. "ఆయన చొక్కా, ఆయన క్యారేజీ... చంపి ఎక్కడ పడేశారు?"

"ఒరేయ్, నేనేరా బాబాయిని!"

"గొంతు బాగానే దించావు. గొంతు దించడం మాకు మొదటి యేడు పాఠం. ముఖం మార్చడం రెండో యేడు. మా బాబాయి దగ్గు ఎవడివల్లా కాదు. ఏదీ, దగ్గు!"

బాబాయి దగ్గాడు. పిల్లిపాదం బావురుమన్నాడు. విషం వాళ్ళు బాబాయిని చంపి, ఆయన వేషంలో మనిషిని పంపారని అరగంటలో మేడంతా తెలిసిపోయింది. ప్రపంచంలో ఇంకెవరికైనా మనిషి ఎదురుగా నిలబడి నేనే అంటుంటే అనుమానం తీరుతుంది. వీళ్ళకి పెరుగుతుంది, ఏం చేస్తాం.

సంఘం పెద్దని అందరూ పెద్దక్క అంటారు. మనిషి సన్నగా, తెల్లజుట్టుతో, బడి పంతులమ్మలా ఉంటుంది. ఆవిడ సంతాప సభ పిలిచింది. సభ పక్కనే శిక్ష కూడా పెట్టుకుంది, ఒకే ఖర్చుతో రెండూ అయిపోతాయని. ముందు పోయినవాడిని తలుచుకోవాలి, తర్వాత చంపినవాడి పని చూడాలి. వాళ్ళ నియమం అది.

ఈలోగా ఒక హంతకుడు పిన్ని ఇంటికి వెళ్ళి, గుమ్మంలో వీపు తిప్పి నిలబడి, "పిన్నీ, బాబాయి ఇక లేడు. గుండె రాయి చేసుకో," అన్నాడు. పిన్ని మెడలో కొలత టేపుతోనే పరుగెత్తింది.

సభ హాలు కిక్కిరిసి ఉంది. మధ్యలో బాబాయిని కుర్చీకి కట్టేశారు. ఎదురుగా బల్ల మీద ఆయన క్యారేజీకి పూలదండ వేశారు. కత్తి ఇంకా మూతలోనే ఉంది. మొగుణ్ణి సజీవంగా చూసి పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

"ఈయనే మా ఆయన! మీకేమైనా మతిపోయిందా?"

పెద్దక్క జాలిగా ఆవిడ చేయి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టింది. "దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా."

"కాపురం చేసినదాన్ని, నాకు తెలీదా?"

"భార్యల మాట మేము సాక్ష్యంగా తీసుకోమమ్మా. మాకొచ్చే పనుల్లో సగం భార్యలు తెచ్చేవే. మిగతా సగం భర్తలు తెస్తారనుకో."

ఇక ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, ఆ పూట బాబాయి కళ్ళు చాటలంత అయిపోయాయి. ఆయన దగ్గు వినబడితే అమ్మ వచ్చినట్టుండేదని ఒకడు. నా పెళ్ళికి రమ్మని పిలవాలనుకుని సిగ్గుపడి ఊరుకున్నానని ఇంకొకడు. ఆయన ఎన్నడూ ఎవర్నీ కసురుకోలేదని పెద్దక్క.

"ఇంట్లో చూడాలి," అంది పిన్ని ఏడుస్తూనే.

కుర్చీలో బాబాయికి కన్నీళ్ళు ఆగలేదు. ఇంత ప్రేమ పెట్టుకుని ఒక్కడూ ఎదురుగా చెప్పలేదేమిరా అనుకున్నాడు. తన కోసం ఇంతమంది ఏడుస్తున్నారన్న సంతోషం ఒక పక్క, కాసేపట్లో వీళ్ళే తన పీక కోస్తారన్న భయం ఇంకో పక్క. పిల్లిపాదం లేచి, క్యారేజీ మీద దండ సర్ది, ఏడుస్తూ మళ్ళీ కూర్చున్నాడు. బాబాయి ఉండబట్టలేక, "ఏడవకురా, పోనీలే," అన్నాడు.

"నోరు ముయ్యి," అన్నారు అందరూ.

చివరికి పెద్దక్క లేచి నిలబడింది. "ఇప్పుడు అందరం కళ్ళు మూసుకుని బాబాయిని మనసారా తలుచుకుందాం. కళ్ళు తెరిచాక వీడి సంగతి చూద్దాం. దాహంతో ఉన్నవాణ్ణి చంపడం మన ఇంటావంటా లేదు. వీడికి ఎవరైనా నీళ్ళు పట్టించండి."

పిన్ని లేచింది. వేరే ఎవరి చేతి నీళ్ళయినా తాగనిస్తుందా? గ్లాసు ఆయన పెదాలకి ఆనించింది.

"నావల్లే కదండీ ఇదంతా. ఆ పాడు మందు నేను పట్టించకపోతే..."

"ఊరుకోవే. నీ పుణ్యమా అని నిన్న మధ్యాహ్నం ఎంత హాయిగా నిద్రపోయానో," అన్నాడు బాబాయి. ఒక గుటక వేశాడు.

హాలు మొత్తం తలలు వంచింది. అంతమంది హంతకులు కళ్ళు మూసుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని, ఒకేసారి, ఒకే మనిషిని తలుచుకున్నారు. వాళ్ళు ఏం చేసినా నిష్ఠగా చేస్తారు.

బాబాయికి పొలమారింది.

అది అలాంటిలాంటి పొలమారడం కాదు. నీళ్ళు ముక్కులోకి ఎక్కాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, కుర్చీతో సహా ఎగిరిపడ్డాడు. ఛాతీ అడుగున ఎక్కడో ముడుచుకుని పడుకున్న పాత కాపురం లేచి వచ్చింది. రెండు పొట్టివి, ఒక పొడుగుది. కిటికీ అద్దాలు గిలగిలలాడాయి. చివర, తలుపు దగ్గరగా వేసినట్టు, చిన్న "ఊఁ".

పిన్ని చేయి అలవాటుగా ఆయన నెత్తి మీదికి వెళ్ళింది. తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు లెం..."

ఆ చేయి నెత్తి మీదే ఆగిపోయింది. ఆవిడ హాలు చుట్టూ చూసింది.

"ఎవరో ఏమిటండీ. వీళ్ళంతానూ."

కళ్ళన్నీ తెరుచుకున్నాయి. మరుక్షణం ఎవరో చెప్పినట్టుగా హాలు హాలంతా గిరుక్కున గోడవైపు తిరిగింది. పెద్దక్క కూడా తిరిగింది. ఎవడో కిటికీ తెరలో దూరాడు.

"బాబాయ్, నువ్వేనా?" అన్నాయి గోడలు.

అప్పుడు వచ్చింది పిన్నికి కోపం. ఇంతసేపూ భయంతో ఏడ్చిన మనిషి కొలత టేపు చెళ్ళుమని బల్ల మీద కొట్టింది.

"తిరగండి ఇటు! మీ మర్యాద మండ, ఇన్నేళ్ళు మీ వెనకా ముందూ తిరిగిన మనిషి ముఖం ఒక్కసారి చూసి ఉంటే ఇంత తంటా వచ్చేదా? చూడండి మా ఆయన్ని!"

"చూస్తే పని ఒప్పుకున్నట్టు పిన్నీ," అన్నాడు ఒకడు గోడతోనే.

"ఏమీ కాదు, చూడు."

ఒక్కొక్కరే తిరిగారు. కొత్త పెళ్ళికూతుళ్ళు నయం. ఒకడు వేళ్ళ సందుల్లోంచి చూశాడు. పెద్దక్క ముందు ఆయన కాళ్ళు చూసి, చొక్కా గుండీలు చూసి, ధైర్యం చేసి పైకి వచ్చింది. పిల్లిపాదం కట్లు కోయడానికి దగ్గరకొచ్చి, తలెత్తి, నోరు వెళ్ళబెట్టాడు.

"బాబాయ్! నీకు నిజంగానే మీసం ఉందా?"

"నీకు అంత చెవులున్నాయని నాకు మాత్రం తెలుసా?" అన్నాడు బాబాయి. వాడి ముఖం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

ఆ దగ్గు ఆ ఒక్కసారికే వచ్చింది. మంత్రగాడి మందు మామూలుది కాదు. మర్నాటికి బాబాయి ఛాతీ మళ్ళీ వేణువైపోయింది. అయినా ఆయన ఉద్యోగం పోలేదు. ఇప్పుడు ఆయన వసారాలో నడుస్తుంటే ప్రతి మలుపులోనూ వాళ్ళే ముందుగా దగ్గుతారు, ఆయన ఉలిక్కిపడకూడదని. ఒక్కడికీ సరిగ్గా రాదు. ఒకడు ఎక్కిళ్ళు పెట్టినట్టు దగ్గుతాడు, పెద్దక్క తుమ్మినట్టు దగ్గుతుంది. బాబాయి ఆగి, వాళ్ళ ముఖం చూసి, దిద్దిపెట్టి ముందుకి వెళతాడు. భోజనాల గది మలుపులో ఎవరూ పోవడం లేదు.

ఇంట్లో పిన్ని మిషను లయ లేకుండానే నడవడం నేర్చుకుంది. కాకపోతే ఈమధ్య బాబాయికి అన్నం దగ్గర తరచు పొలమారుతోంది. పిన్ని లేచి వచ్చి నెత్తి మీద తడుతుంది. ఎవరో అని అనడం మానేసింది.

"ఎవరంటారు ఇవాళ?"

బాబాయి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, కాస్త ఆలోచిస్తాడు.

"పిల్లిపాదం అయ్యుంటాడే. పొద్దున్న వాడికి 'ఊఁ' కుదరలేదు. దిగులు పెట్టుకున్నట్టున్నాడు."